పడమటి గదికి రంగు

అమ్మలూ,

నిన్న వదిన ఫోన్ చేసింది. మోకాలి ఆపరేషనయ్యి తను ఇంటికొచ్చేలోగా పడమటి గదికి రంగు వేయించాలని నువ్వు పూనుకున్నావట. షేడ్ కార్డులో మూడు రంగులు ఎంచి ఫోటోలు కూడా పంపావట. వింటుంటే కడుపు నిండిపోయింది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. నరసన్నపేట నుంచి బొబ్బిలి దాకా ముప్పై ఏళ్ళు ఇళ్ళకి రంగులు వేసినవాణ్ణి, ఆ గది గురించి నీకు చెప్పకపోతే ఎలా?

చెమ్మ ముందు చూడు. 2018లో తిత్లీ తుఫానుకి ఆ కిటికీ కింద గోడంతా నీళ్ళు తాగింది. లప్పం, ప్రైమరు, రెండు కోట్లు మేస్త్రి చూసుకుంటాడు. కిటికీ రెక్కల మీదున్న పాత ఆయిల్ పెయింటుని మాత్రం పొడిగా గీకనివ్వకు. రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదన్న రూలు 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఆ రెక్కల రంగు అంతకన్నా చాలా పాతది. బాబు ఆ నేల మీదే పాకుతాడు. తడిపి గీకమను, ఆ వారం వాణ్ణి ఆ గది గుమ్మం తొక్కనివ్వకు.

ఇక రంగు. మీ నానమ్మ తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు ఆ గదికి రంగు వేసింది నేనే. నువ్వప్పటికి చిన్నపిల్లవి. ఆకుపచ్చ కంటికి చల్లన కదా అని లేత ఆకుపచ్చ తెచ్చాను. కొట్లో ట్యూబులైటు కింద లేత అరటాకులా మెరిసింది. ఒక్కరోజులో వేసేశాను. రోజూ పొద్దున్నే వచ్చి అమ్మకి కాఫీ పట్టించి పనిలోకి పోయేవాణ్ణి. ఆ వేళకి గోడ బాగానే కనిపించేది. ఎంత బాగుందో అని నేనే అనుకునేవాణ్ణి.

వారం తిరక్కుండా అమ్మ, "మంచం అటు తిప్పు నాయనా" అంది. గాలి కోసమనుకుని తిప్పాను. నాలుగు రోజులాగి మళ్ళీ ఇటు తిప్పమంది. అప్పుడూ తిప్పాను. ఎందుకమ్మా అని ఒక్కసారి అడగలేదు.

అమ్మ పోయిన పదకొండో రోజు సాయంత్రం ఆ ఖాళీ మంచం మీద ఒక్కణ్ణీ కూర్చున్నాను. కిటికీలోంచి ఎర్రటి ఎండ పడుతోంది, ఎవరో పసుపు బల్బు వేశారు. గోడ చూస్తే పాచి పట్టిన నూతి వరసలా ఉంది. ఆకుపచ్చ మీద ఎర్రటి వెలుగు పడితే అంతే, చచ్చిపోతుంది. నాకు తెలియని సంగతి కాదు. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో చూసుకుని వేసేవాణ్ణి, మా అమ్మకి చూడలేదు. ఏడు నెలలు ప్రతి సాయంత్రం ఆవిడ ఆ గోడనే చూస్తూ పడుకుంది. కొడుకు చేత్తో వేసిన రంగని నోరు విప్పలేదు. మర్నాడే దాని మీద తెల్లరంగు కొట్టేశాను.

అందుకే చెబుతున్నాను, ఫోటోలు చూసి తేల్చకు. ఫోనులో కనిపించేది గోడ మీదకి రాదు. మూడు రంగులూ చిన్న డబ్బాలు తెప్పించు. గోడ మీద గీయకు, తెల్లటి అట్టల మీద రెండు కోట్లు వేసి, చుట్టూ నాలుగు వేళ్ళ తెలుపు వదులు. మర్నాటి దాకా ఆరనీ, తడి మీద రంగు మాట నమ్మకూడదు. మూడూ పక్కపక్కన పెట్టి చూడకు, ఒకదాన్ని చూసిన కన్ను రెండోదాన్ని మార్చేస్తుంది. ఒక్కో అట్టనీ కిటికీ పక్కన ఒకసారి, చీకటి మూల ఒకసారి పెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి లైటు వేశాక చూడు. బల్బు అట్టపెట్టె మీద 2700 అంటే పసుపు వెలుగు, 6500 అంటే తెల్ల వెలుగు. వదిన ఏ లైటు వేసుకుంటుందో అదే పెట్టు. నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది తీసుకో, నాలుగు గోడలూ ఒకదాని మీదొకటి రంగు విసురుకుని చిక్కబడతాయి.

అరసవల్లిలో స్వామి పాదాలకి కిరణాలు తగిలేది మార్చిలో, అక్టోబరులోనే కదా. మన గదిలోనూ ఈ నెల ఎండ పడ్డచోట ఇంకో నెల పడదు. కిటికీకి ఎదురు గోడంతా గుర్తుపెట్టుకుని చూడు.

ఇంకొకటి, "లేత పచ్చ" ఎంచావని వదిన అంది. పసుపో ఆకుపచ్చో చెప్పలేదు. ఆకుపచ్చయితే నా మాట విని ఆగు తల్లీ, నేను వచ్చేదాకా డబ్బా మూత తియ్యకు.

ఆదివారం వస్తున్నాను. అట్టలు ఆరబెట్టి ఉంచు. మంచం మాత్రం బయట పెట్టించకు, సాయంత్రం ఐదింటికి దాని మీద పడుకుని చూడాలి. ముందు నేను, తర్వాత నువ్వు.

మీ చిన్నాన్న