జనవరిలో యూటీ డాలస్‌లో చేరేవాళ్ళకి స్ప్రింగ్ సెమిస్టర్ ఎలా ఉంటుంది?

మీరు అడిగింది ఇదీ: 2026 జనవరికి యూటీ డాలస్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డాలస్) ఎంఎస్‌కి ఐ20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం, వీసాకి కావాల్సింది) వచ్చింది, కానీ అందరూ "స్ప్రింగ్‌లో వెళ్తే ఏముంటుంది, ఈవెంట్లూ కెరీర్ ఫెయిర్లూ అన్నీ ఫాల్‌లోనే, మధ్యలో వెళ్ళి ఒంటరిగా కూర్చుంటావ్" అంటున్నారు, ఇది నిజమేనా, జనవరి నుంచి మే దాకా అసలు ఏం జరుగుతుంది, ఏవి మిస్ అవ్వకూడదు అని. నేను 2024 జనవరిలో అక్కడే చేరా, ఈ డిసెంబర్‌తో నా డిగ్రీ అయిపోతోంది, కాబట్టి చూసింది చూసినట్టు చెప్తా.

నిజం కాదండీ. ఫాల్‌లో, అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో, జనం ఎక్కువ, వెల్‌కమ్ హడావిడి ఎక్కువ, అంతవరకే. స్ప్రింగ్‌లో వచ్చినవాళ్ళకి ఉన్న ఒక పెద్ద తేడా మాత్రం ముందే తెలుసుకోవాలి, దాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు బయట ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి, దానికి మామూలుగా ఒక పూర్తి అకడమిక్ ఇయర్ చదివి ఉండాలి, అంటే రెండు సెమిస్టర్లు. ఫాల్‌లో వచ్చినవాళ్ళకి మే నాటికి అవి అయిపోతాయి, మీకు స్ప్రింగ్ ఒకటే అవుతుంది. అందుకని 2026 సమ్మర్‌లో మీకు ఇంటర్న్‌షిప్ ఉండదు, 2027 సమ్మర్ మీది. ఇది విని చాలామంది డీలా పడిపోతారు, నేనైతే ఇది మేలు అనే అంటాను, ఎందుకంటే మీ రూమ్మేట్లు ఫిబ్రవరి మార్చిలో రాత్రంతా అప్లికేషన్లు పెట్టుకుంటూ ఉంటే మీకు ఆ టెన్షన్ లేదు, ఆ మొదటి సెమిస్టర్ మొత్తం క్యాంపస్ మీద పెట్టొచ్చు.

ఇప్పుడు జనవరి నుంచి చెప్తా. ఐ20లో ఉన్న ప్రోగ్రామ్ స్టార్ట్ డేట్‌కి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి రానిస్తారు, క్లాసులు మామూలుగా ఎంఎల్‌కే డే (మార్టిన్ లూథర్ కింగ్ డే) సెలవు అయ్యాక మొదలవుతాయి, 2026లో ఆ సెలవు జనవరి 19. అంటే సంక్రాంతి ఇంట్లో చేసుకుని రావడం దాదాపు కుదరదు, దానికి ఇప్పుడే మనసు సిద్ధం చేసుకోండి, ఇంట్లోవాళ్ళకీ చెప్పండి. వచ్చాక ఇంటర్నేషనల్ ఆఫీస్ పంపే చెక్ ఇన్ మెయిల్‌ని అస్సలు లైట్ తీసుకోవద్దు, మీరు వచ్చారని వాళ్ళు సెవిస్‌లో (విదేశీ స్టూడెంట్ల వివరాలుండే ప్రభుత్వ సిస్టమ్) రిజిస్టర్ చేస్తేనే మీ స్టేటస్ నిలబడేది. టెక్సాస్‌లో పన్నెండో క్లాస్ డేని సెన్సస్ డే అంటారు, ఆ రోజులోపు కోర్స్ డ్రాప్ చేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ (మధ్యలో వదిలేశారన్న గుర్తు) పడదు. కానీ 9 క్రెడిట్లకి తగ్గకూడదు, ఒకటి వదిలేస్తే దాని బదులు ఇంకోటి చేతిలో ఉండాలి. కోర్స్‌బుక్‌లో (యూనివర్సిటీ క్లాసుల లిస్ట్ ఉండే సైట్) సీట్లు ఈ మొదటి రోజుల్లోనే ఖాళీ అవుతుంటాయి, ఫుల్ అని చూపించిన క్లాసులో కూడా సడెన్‌గా సీటు దొరుకుతుంది, కాబట్టి రోజూ పొద్దున ఓసారి చూడండి.

చలి సంగతి. టెక్సాస్ అంటే ఎండ అనుకుని పల్చటి జాకెట్‌తో దిగేవాళ్ళు ఉంటారు. రోజులన్నీ ఘోరంగా ఏమీ ఉండవు, కానీ జనవరి చివర, ఫిబ్రవరిలో ఒక్కోసారి ఐస్ పడుతుంది, స్నో కాదు, రోడ్డంతా గాజులా అయిపోతుంది, అప్పుడు యూనివర్సిటీ మూసేస్తారు. 2021 ఫిబ్రవరిలో అయితే రాష్ట్రంలో లక్షల ఇళ్ళకి కరెంటు పోయి జనం రోజుల తరబడి చలిలో ఉన్నారు. అందుకే అమెరికా నంబర్ రాగానే ఎమర్జెన్సీ అలర్ట్స్‌లో పెట్టేయండి, క్లాసు క్యాన్సిల్ అయిందన్న కబురు వచ్చేది అక్కడికే. మార్చి నుంచి మే మధ్య టోర్నడో సైరన్లు కూడా వినిపిస్తాయి. డాలస్ వైపు నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి టెస్ట్ సైరన్ వేస్తారు, దానికి కంగారు పడక్కర్లేదు, మిగతా టైంలో మోగితే మాత్రం కింది ఫ్లోర్‌లో కిటికీలు లేని చోటికి వెళ్ళిపోవాలి.

ఫిబ్రవరిలో కెరీర్ ఫెయిర్. "నాకు సీపీటీ లేదు కదా, ఎందుకు" అనుకుని ఆగిపోకండి, వెళ్ళండి. ఉద్యోగం అడగడానికి కాదు, ఏ కంపెనీలు వస్తున్నాయి, మన వీసా వాళ్ళని ఎవరు తీసుకుంటారు, లైన్లో ముందున్నవాళ్ళు ముప్పై సెకన్లలో ఏం చెప్పి రెజ్యూమే ఇస్తున్నారు, ఇవన్నీ చూడటానికి. ఏమీ ఆశించకుండా వెళ్తే భయం ఉండదు, రిక్రూటర్‌తో మామూలుగా మాట్లాడగలుగుతాం, మీకు అసలు పని పడే 2026 ఫాల్ ఫెయిర్‌కి అది చాలా పనికొస్తుంది.

ఆన్ క్యాంపస్ జాబ్ గురించి అందరూ అడుగుతారు. సెమిస్టర్‌లో వారానికి 20 గంటలు, సెలవుల్లో ఫుల్ టైం చేయొచ్చు. డిసెంబర్‌లో ఒక బ్యాచ్ డిగ్రీ అయిపోయి వెళ్ళిపోతుంది, వాళ్ళు చేసే డైనింగ్, లైబ్రరీ, గ్రేడర్ (పేపర్లు దిద్దే) పనులు జనవరిలో ఖాళీ అవుతాయి, ఇది స్ప్రింగ్‌లో వచ్చినవాళ్ళకి దొరికే అదృష్టం. మళ్ళీ మేలో ఇంకో బ్యాచ్ వెళ్తుంది, సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్‌లకి మిగతావాళ్ళూ ఊరు వదిలేస్తారు, అప్పుడు క్యాంపస్‌లో పనులుంటాయి, చేసేవాళ్ళు తక్కువ. మీరు అక్కడే ఉంటారు కదా.

డిపార్ట్‌మెంట్ల సెమినార్ల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు అక్కడ కనపడరు, నాకు అది బాధగా ఉంటుంది. ఈ యూనివర్సిటీ పుట్టిందే రీసెర్చ్ కోసం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వ్యవస్థాపకులు 1961లో పెట్టిన రీసెర్చ్ సెంటర్ 1969లో యూటీ సిస్టమ్‌లో (టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల గ్రూపు) కలిసింది, ఫస్ట్ ఇయర్ బ్యాచిలర్స్ వాళ్ళని తీసుకోవడం 1990లో గానీ మొదలవ్వలేదు. 2015లో కెమిస్ట్రీ నోబెల్ తెచ్చుకున్న అజీజ్ సాన్‌జార్ పీహెచ్‌డీ చేసింది ఇక్కడే. అలాంటి చోట వారం వారం ఎవరో ఒకరు బయటినుంచి వచ్చి మాట్లాడుతుంటే వినేవాళ్ళు పదిహేను మంది కూడా ఉండరు. నాకు తర్వాత ఒక ప్రొఫెసర్ దగ్గర పని దొరికిందంటే, ఆ స్ప్రింగ్‌లో ఆయన లాబ్ టాక్స్‌కి వెళ్ళి వెనక కూర్చుని అర్థంకానివి ఆఖర్లో అడగడం వల్లే, మెయిల్స్ పెట్టడం వల్ల కాదు. ఈ టాక్స్ కబుర్లతో న్యూస్‌లెటర్ మెయిల్స్ వస్తాయి చూడండి, వాటిని చదవకుండా డిలీట్ చేయొద్దు అనేది అందుకే. స్కాలర్‌షిప్ నోటీసులు కూడా వాటిల్లోనే వస్తాయి, టెక్సాస్‌లో 1000 డాలర్లకి తగ్గని కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ వస్తే ఇన్‌స్టేట్ ఫీజు (టెక్సాస్ వాళ్ళు కట్టే తక్కువ ఫీజు) కట్టే అవకాశం ఉంది, ఆ ఫీజు తేడా ఎంతో మీరు ఈపాటికి చూసే ఉంటారు.

మార్చిలో రెండో ఆదివారం, ఈసారి 8న, గడియారం ఒక గంట ముందుకి జరుగుతుంది, ఇంటికీ మనకీ తేడా పదకొండున్నర గంటల నుంచి పదిన్నరకి వస్తుంది, అమ్మవాళ్ళకి ముందే చెప్పకపోతే ఫోన్ టైం తప్పిందని కంగారు పడతారు. మార్చి మధ్యలో వారం రోజులు స్ప్రింగ్ బ్రేక్. హోలీ ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్ వాళ్ళు క్యాంపస్‌లోనే చేస్తారు. ఉగాది 2026లో మార్చి 19, గురువారం. టాంటెక్స్ అని ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం ఉంది, ఉగాది వేడుకలు పెద్దగా చేస్తారు, వాళ్ళ నెలవారీ సాహిత్య సభ కూడా ఏళ్ళ తరబడి నడుస్తోంది, తెలుగు పుస్తకాలు చదివే అలవాటుంటే తప్పకుండా చూడండి. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, కారున్న సీనియర్ ఎవరో ఒకరు శనివారం వెళ్తూనే ఉంటారు.

నా మొదటి స్ప్రింగ్‌లో నాకు బాగా గుర్తున్నది 2024 ఏప్రిల్ 8. సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా డాలస్ మీదుగా వెళ్ళింది. అమ్మకి టీవీలో తెలిసి వారం ముందు నుంచే బయటకి వెళ్ళొద్దని, ఫ్రిజ్‌లో పచ్చడి మీద దర్భ వేయమని ఒకటే ఫోన్లు, దర్భ ఇక్కడ ఎక్కడ దొరుకుతుందమ్మా అంటే గుడిలో అడగమంది. పొద్దున్నుంచీ మబ్బులు, అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి, మధ్యాహ్నానికి మబ్బులు విడిపోయాయి. లైబ్రరీ ముందు మాగ్నోలియా చెట్ల మధ్య గడ్డి మీద స్టూడెంట్లు, ప్రొఫెసర్లు, పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన చుట్టుపక్కల వాళ్ళు, అందరూ గ్రహణం కళ్ళద్దాలు పెట్టుకుని పైకే చూస్తున్నారు. ఒంటిగంటా నలభై దాటాక చీకటి పడిపోయింది, గాలి చల్లబడింది, దీపాలు వెలిగాయి, అంతమంది ఒకేసారి అరిచారు. దాదాపు నాలుగు నిమిషాలు. పక్కన ఉన్న ముసలాయన ఏడుస్తున్నాడు, నాకూ ఆగలేదు. గ్రహణం అమావాస్య కదా, తెల్లారితే ఉగాది. సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో మామిడికాయ, బెల్లం, చింతపండు దొరికాయి, వేపపువ్వు ఎండుది ఒక సీనియర్ అక్క ఇంటినుంచి తెచ్చుకున్నది ఇచ్చింది, మెక్కాలమ్ బౌలేవార్డ్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరెవరో పేర్లు కూడా తెలియని వాళ్ళు వచ్చి పచ్చడి తిని వెళ్ళారు. ఆ రోజు వచ్చినవాళ్ళే నాకు ఇప్పటికీ దగ్గరి స్నేహితులు. మీకు గ్రహణం ఉండదు, ఉగాది ఉంటుంది, గదిలో ఒక్కరే కూర్చోకుండా పది మందిని పిలవండి. వేపపువ్వు కొంచెం ఎండబెట్టి తెచ్చుకోవాలనుంటే విత్తనాలు, పచ్చి ఆకుల్లాంటివి మాత్రం కలపొద్దు, కస్టమ్స్‌లో అడగకముందే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, తీసేసుకుంటే వదిలేయండి.

ఏప్రిల్‌లో ఫాల్ రిజిస్ట్రేషన్ జరుగుతుంది, మంచి కోర్సులు మొదటి రోజే నిండిపోతాయి, మీ స్లాట్ ఎప్పుడో చూసుకుని అలారం పెట్టుకోండి. చెస్ మీద ఇష్టం ఉంటే ఇక్కడి టీమ్‌ని ఫాలో అవ్వండి, 1996 నుంచి నడుస్తున్న ప్రోగ్రామ్, అమెరికాలో కాలేజీ చెస్‌కి పేరున్న చోట్లలో ఇదొకటి, కాలేజీ చెస్ ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల) టోర్నమెంట్ స్ప్రింగ్‌లోనే ఉంటుంది. మేలో ఫైనల్స్ (ఆఖరి పరీక్షలు), తర్వాత గ్రాడ్యుయేషన్. సీనియర్ల గ్రాడ్యుయేషన్‌కి వెళ్ళండి, వాళ్ళ అమ్మానాన్నలు ఊర్లనుంచి వచ్చుంటారు, ఎయిర్‌పోర్ట్ పికప్‌కో వంటకో సాయం చేయండి.

రవాణాకి ఇప్పుడు బాధ తగ్గింది, 2025 అక్టోబర్‌లో డార్ట్ (డాలస్ ప్రాంతం బస్సులూ రైళ్ళూ నడిపే సంస్థ) వాళ్ళ సిల్వర్ లైన్ రైలు మొదలైంది, డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ బి నుంచి యూటీ డాలస్ స్టేషన్‌కి నేరుగా వస్తుంది. మొదటిసారి రెండు పెద్ద సూట్‌కేసులతో మాత్రం సీనియర్లని పికప్ అడగండి, మొహమాటం వద్దు, వాళ్ళనీ ఎవరో ఒకరు తీసుకొచ్చినవాళ్ళే.

టికెట్ బుక్ చేసేముందు ఇంకో మాట. డిసెంబర్ 31లోపు అమెరికాలో దిగితే, ఒక్క రోజే ఉన్నా సరే, 2025 సంవత్సరానికి ఫారం 8843 (ట్యాక్స్ డిపార్ట్‌మెంట్‌కి స్టూడెంట్లు పంపే ఫారం) పంపాలి, జీతం ఏమీ లేకపోతే గడువు జూన్ 15. జనవరిలో దిగితే మీ మొదటి ఫారం 2027లో. డబ్బు కట్టేదేమీ లేదు, కానీ పంపకుండా వదిలేయకండి. అకామడేషన్ గురించి కూడా అడగాలనుంటే కింద రాయండి, లీజ్‌ల సంగతి విడిగా చెప్తా.