మా తమ్ముడికి రాత్రుళ్ళు గుండె దడ, రిపోర్టులన్నీ నార్మల్. సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే మందులకి బానిసైపోతాడా?

24 ఏళ్ళు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు, అర్ధరాత్రి లేపి "అక్కా నేను చచ్చిపోతానేమో" అంటాడు, ఈసీజీ తీస్తే ఏం లేదంటారు, మరి వాడికి ఏమైనట్టు అని రాశారు కదా. 2019లో మా ఆవిడ కూడా ఆస్పత్రి కారిడార్లో నిలబడి సరిగ్గా ఇదే అడిగిందండి, "ఏం లేకపోతే మరి ఈయనకి ఏమైనట్టు" అని. నేను డాక్టర్ని కాదు, ప్రకాశం జిల్లాలో హైస్కూల్ లెక్కల మాస్టార్ని. నాకు జరిగింది చెప్తా, మీకు పనికొచ్చింది తీసుకోండి.

ఆ ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో ఉన్నా. అంతకుముందు నెల రోజులుగా నిద్ర సరిగ్గా లేదు, చెల్లెలి పెళ్ళి అప్పు ఒకటి నెత్తిమీద ఉంది. పేపర్ దిద్దుతూ దిద్దుతూ ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడిపోయింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ చీమలు పాకినట్టు, గొంతు పట్టేసినట్టు, ఇంక అయిపోయింది నా పని అనుకున్నా. తోటి మాస్టార్లిద్దరు నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని బైక్ మీద ఆస్పత్రికి తీసుకెళ్ళారు, తీరా అక్కడికి వెళ్ళేసరికి సగం తగ్గిపోయింది. ఈసీజీ నార్మల్. "గ్యాస్ అండి" అన్నారు, ఇంజెక్షన్ చేసి పంపేశారు.

తర్వాత నాలుగు నెలల్లో ఐదు ఈసీజీలు, ఒక టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టు, ఎండోస్కోపీ. ముప్పై వేలు దాటింది. నార్మల్ అని చెప్పిన ప్రతిసారీ రెండ్రోజులు హాయిగా ఉండేది, మూడో రోజు "వీళ్ళకి దొరకలేదేమో" అని మళ్ళీ మొదలు. మా అమ్మ దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేస్తే ఆ ఘాటుకి దగ్గొచ్చి, దగ్గుకి ఊపిరాడక, నాకు ఇంకోసారి దడ వచ్చింది. ఘాటొచ్చింది కాబట్టి ఇది దిష్టి కాదని అమ్మే తేల్చేసింది, ఆ నాలుగు నెలల్లో కరెక్ట్‌గా చెప్పింది ఆవిడొక్కతే అని ఇప్పటికీ నవ్వుకుంటాం.

కానీ ఈలోపు నేను చేసుకున్న డ్యామేజీ వేరే ఉంది. ముందు బస్సులో డోర్ పక్క సీటే కావాలనేవాణ్ణి, తర్వాత బస్సే మానేసి తోటి మాస్టారి బండెక్కేవాణ్ణి. కాఫీ బంద్, పెళ్ళిళ్ళు బంద్, చేతిలో వాటర్ బాటిల్, జేబులో మాత్రల షీటు లేకుండా గడప దాటేవాణ్ణి కాదు. ఇవన్నీ జాగ్రత్తలు అనుకున్నా. జబ్బుకి నీళ్ళు పోసి పెంచుతున్నానని తర్వాత తెలిసింది.

చివరికి ఒక ఫిజీషియన్ థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ కూడా చూసి (థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది, మీ తమ్ముడికి చేయించకపోతే ఒకసారి చేయించండి) "మాస్టారూ, ఇవి పానిక్ అటాక్‌లు, సైకియాట్రిస్ట్‌ని కలవండి" అన్నాడు. నాకు కోపం వచ్చింది, నేనేమన్నా పిచ్చోణ్ణా అని. స్టాఫ్ రూంలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "ఎర్రగడ్డకి పంపాలిరా వీణ్ణి" అని జోకులేసిన వాణ్ణే కదా నేను. ఆ సిగ్గుతో ఇంకో రెండు నెలలు పోగొట్టుకున్నా, వెళ్ళాక కూడా ఊళ్ళో అందరికీ "నరాల డాక్టర్" అనే చెప్పా.

ఆ సైకియాట్రిస్ట్ చేసిన మంచి పని ఏంటంటే కాగితం మీద గ్రాఫ్ గీశాడు. భయం వేయగానే ఊపిరి తెలియకుండా వేగంగా తీసుకుంటాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, తిమ్మిర్లు, కళ్ళు తిరగడం అందుకే, అది చూసి ఇంకా భయం, ఇంకా వేగంగా ఊపిరి. అది పైకి ఎక్కేది మామూలుగా పది నిమిషాలే, ఆ తర్వాత దానంతట అదే దిగుతుంది అన్నాడు. "మీరు ప్రతిసారీ శిఖరం దగ్గరే పారిపోతున్నారు, దిగడం ఒక్కసారి కూడా చూడలేదు, అందుకే ఆస్పత్రికి వెళ్ళబట్టి బతికాను అనుకుంటున్నారు" అన్నాడు. లెక్కల మాస్టారికి గ్రాఫ్ గీసి చెప్తే ఎక్కదా చెప్పండి, అక్కడ నాకు లైటు వెలిగింది.

ఇంక మీ అసలు ప్రశ్న, మందులు. నాకు రెండు రకాలు ఇచ్చాడు, ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే అందరికీ భయం. ఒకటి క్లోనజెపామ్, రాత్రికి, మూడు వారాలు మాత్రమే. ఇది వెంటనే పనిచేస్తుంది, అలవాటయ్యేదీ ఇదే, చీటీ చూపించి మెడికల్ షాపులో ఏళ్ళ తరబడి తెచ్చుకునేవాళ్ళు నాకే తెలుసు. ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం కూడా, డాక్టర్ చెప్పిన రోజుల కంటే ఒక్కరోజు కూడా మీ అంతట మీరు పొడిగించొద్దు. రెండోది ఎస్సిటాలోప్రామ్, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10 చేశాడు. దీనికి మందుకోసం మనసు లాగడం అలాంటివి ఉండవు, కానీ పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి పది రోజులు నాకైతే వికారం, చిరాకు, దడ కూడా కొంచెం ఎక్కువే. ముందే చెప్పాడు కాబట్టి ఓర్చుకున్నా. ఇంకోటి, 25 లోపు వయసు వాళ్ళలో ఈ మందు మొదలుపెట్టిన కొత్తలో కొందరికి చచ్చిపోవాలనే ఆలోచనలు పెరగొచ్చు, మీ వాడికి 24 కాబట్టి మొదటి కొన్ని వారాలు ఒక కన్నేసి ఉంచండి, తేడా అనిపిస్తే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

నేను చేసిన పెద్ద తప్పు, బాగైపోయింది కదా అని నాలుగో నెలలో ఈ రెండో మందు ఒక్కసారిగా ఆపేశా. మా మావయ్య "కిడ్నీలు పోతాయిరా" అన్నాడు, ఆయనేం డాక్టరా, రిటైర్డ్ కండక్టరు. తలలో జివ్వుజివ్వుమని కరెంటు కొట్టినట్టు, నిద్ర లేదు, ఊరికే ఏడుపు. నెల తిరిగేసరికి అటాక్‌లు తిరిగొచ్చాయి, ఈసారి తోడు డిప్రెషన్. గడ్డం గీసుకోవాలన్నా ఒళ్ళు కదిలేది కాదు, మా పిల్ల పక్కన కూర్చుని ఏదో చెప్తుంటే వినపడుతుంది కానీ ఏమీ అనిపించేది కాదు. దాని గురించి ఇంతకంటే రాయలేను. మళ్ళీ మొదలుపెట్టి పద్నాలుగు నెలలు వాడి, మూడు నెలల పాటు కొంచెం కొంచెంగా తగ్గించి ఆపారు. కిడ్నీలు బానే ఉన్నాయి.

మందుతో పాటు సైకాలజిస్ట్ దగ్గర సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే మాటల చికిత్స) చేశా, తొమ్మిది సిట్టింగులు, చివరివి లాక్‌డౌన్‌లో ఫోన్లోనే. నా మట్టుకు నాకు దీనివల్లే ఎక్కువ లాభం. ఆమె నాతో కావాలని గబగబా మెట్లెక్కించేది, కుర్చీలో గిర్రున తిప్పేది, సన్న స్ట్రాతో ఊపిరి తీసుకోమనేది, ఆ దడ, ఆ కళ్ళు తిరగడం నేనే తెచ్చుకుని నేనే కూర్చుని చూడాలి. తర్వాత బస్సు ఒక స్టాప్, రెండు స్టాప్‌లు, ఆఖరికి బాటిల్ లేకుండా, జేబులో షీటు లేకుండా ఒంగోలు దాకా. ఆ షీటు ఇంట్లో పెట్టి వెళ్ళడం అన్నిటికంటే కష్టమైంది, నమ్మండి.

మీరు చేయగలిగింది, "ధైర్యంగా ఉండు, ఆలోచించకు" అనకండి, ఆలోచించకుండా ఉండగలిగితే వాడు మిమ్మల్ని రాత్రి రెండింటికి ఎందుకు లేపుతాడు. గంటకోసారి "ఎలా ఉందిరా" అని కూడా అడక్కండి, మా ఆవిడ అడగడం మానేశాక నాకు సగం తేలికైంది. వచ్చినప్పుడు పక్కన కూర్చోండి, గడియారం చూసుకుంటూ మెల్లగా ఊపిరి వదలమనండి. నడిస్తేనో బరువు ఎత్తితేనో ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా అది వేరే, ఆస్పత్రికే వెళ్ళండి.

ఇంకొక్కటి జాగ్రత్తగా వినండి. "చచ్చిపోతానేమో" అనడం భయం. "చచ్చిపోతే బాగుండు" అన్నాడంటే మాత్రం అది వేరే మాట. అనుమానమొస్తే సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. అలా అంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. నా టైంలో ఇది లేదు, 2022లో వచ్చింది.

ఇప్పుడు నీకు అస్సలు రావట్లేదా అంటే, పోయినసారి స్పాట్‌లో ఒకసారి వచ్చింది. పెన్ను పక్కన పెట్టలేదు, దిద్దుతూనే ఉన్నా, కాసేపటికి పోయింది. ఆ పేపర్ టోటల్ మాత్రం రెండోసారి కూడి చూసుకున్నా.