టెక్ సందేహాలు: గాజుపై వెలిగే అక్షరాలు

ప్రశ్న: మా క్లినిక్ కోసం 10 మి.మీ. గాజు పలకపై రెండు వరుసల్లో పేరు ఎచింగ్ (గాజును గరుకుగా చెక్కడం) చేయించి, కింది అంచున ఎల్‌ఈడీ స్ట్రిప్ అమర్చాను. అంచులు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి కానీ అక్షరాలు మసకగా ఉన్నాయి. పై వరుస దాదాపు కనిపించడమే లేదు. ఎక్కువ వాట్ల స్ట్రిప్ కొనాలా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఇప్పుడే కొనవద్దు. అంచు గుండా గాజులోకి వెళ్లిన కాంతి పలక ముఖాలను, లంబం నుంచి కొలిస్తే, 42 డిగ్రీలకు మించిన కోణంలో తాకుతుంది కనుక బయటికి రాలేక, లోపల్లోపలే పరావర్తనం చెందుతూ పైకి సాగి, ఎచింగ్‌తో గరుకైన చోట మాత్రమే చెదిరి మన కంటికి చేరుతుంది. బడిలో చదువుకున్న సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. చీకట్లో స్ట్రిప్ వెలిగించి, గాజుపై ఖాళీ చోట బొటనవేలిని గట్టిగా నొక్కి తీసి చూడండి. జిడ్డు అంటిన వేలిముద్ర గీతలతో సహా వెలుగుతుంది. ఇలాంటి బోర్డును తరచూ తుడవాలనడానికీ, అక్షరాల వెనుక ఏ స్టిక్కరూ అంటించకూడదనడానికీ కారణం అదే.

కాబట్టి మొదట పరీక్షించవలసినది కింది అంచును. పాలిష్ చేయని అంచు కాంతిని ప్రవేశద్వారం దగ్గరే చెదరగొడుతుంది. పాలిష్ బాగుంటే, 8 మి.మీ. వెడల్పు స్ట్రిప్‌ను అల్యూమినియం చానల్‌లో బిగించి, బల్బులు సరిగ్గా అంచు మధ్యకు, గాజుకు వీలైనంత దగ్గరగా వచ్చేలా సర్దండి. పక్కకు జరిగిన స్ట్రిప్ వెలుగు గాజులోకి పోకుండా గోడపైకే పోతుంది. మీది టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) గాజు అయితే మాత్రం ఇప్పుడు అంచు అరగదీయించవద్దు, పలక మొత్తం పగిలిపోవచ్చు.

పై వరుస సంగతి వేరు. కింది అక్షరాలు తమ వంతు కాంతిని ముందే తీసుకుంటాయి, గాజులోని ఇనుము మరికొంత పీల్చుకుంటుంది. ఆ ఆకుపచ్చ రంగూ ఇనుము వల్లనే. పై అంచున కూడా ఒక స్ట్రిప్ పెట్టడమే దీనికి మంచి మార్గం. మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్ 40 సెం.మీ. చొప్పున రెండు వైపులా పెట్టినా 12 వాట్లు దాటదు కనుక 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ సరిపోతుంది. పలక వెనుక, దానికి తగలకుండా, ముదురు రంగు నేపథ్యం ఉంటే అక్షరాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

ప్రశ్న: ఇంట్లోనే యాసిడ్‌తో ఎచింగ్ చేయవచ్చా?

జవాబు: దయచేసి చేయవద్దు. గాజును తినే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మంలోకి ఇంకి, నొప్పి గంటల తరువాత మొదలైనా, లోపల ఎముక దాకా హాని చేయగలదు. రేడియం కటింగ్ షాపులో స్టెన్సిల్ కోయించి, శాండ్ బ్లాస్టింగ్ (ఇసుకను వేగంగా చిమ్మి గాజును గరుకు చేయడం) చేసేవారికి ఇవ్వండి. మొదటి ప్రయత్నమైతే గాజుకు బదులు కాస్ట్ అక్రిలిక్ (అచ్చుపోసి చేసిన పారదర్శక ప్లాస్టిక్ పలక) తీసుకోండి. లేజర్ దానిపై తెల్లని, మంచుపట్టినట్లుండే గీత గీస్తుంది.

ప్రశ్న: లేజర్ షాపులో నా ఫైలు తెరిస్తే ‘వైద్యశాల’లోని యవొత్తు విడిపోయి, ‘ద్’ పక్కన ‘య’ విడిగా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ఆ కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోవడమో, ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ఒత్తులను కూర్చడం చేతకాకపోవడమో దీనికి కారణం. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో, రామభద్ర వంటి దళసరి యూనికోడ్ ఫాంట్‌తో పేరు టైప్ చేసి, పాత్ మెనూలోని ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కితే అక్షరాలు గీతలుగా మారిపోతాయి, ఇక ఏ ఫాంటూ అక్కర్లేదు. ఒత్తు, అక్షరం ఒకదానిపై ఒకటి పడిన చోట రెండుసార్లు చెక్కకుండా ‘యూనియన్’ కూడా ఇవ్వండి. ఆ తరువాత అక్షరదోషాలు దిద్దడం కుదరదు కనుక అసలు ఫైలును విడిగా దాచుకోండి. పలక వెనుక వైపు చెక్కించేటట్లయితే, పేరును అద్దంలో కనిపించినట్లు అడ్డంగా తిప్పి ఇవ్వడం మరవకండి.