మా అబ్బాయి తుపాకీ పడితే విశ్వాసం తప్పినట్లేనా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. మా పుట్టింటివారు మూడు తరాలుగా మెనోనైట్ బ్రదరెన్ సంఘస్థులు. మా వారిది గుంటూరు, లూథరన్ కుటుంబం. మా మామగారు సైన్యంలో హవల్దారుగా పనిచేశారు. పంతొమ్మిదేళ్ల మా అబ్బాయి అగ్నివీర్ జనరల్ డ్యూటీకి రాతపరీక్ష, పరుగు, వైద్యపరీక్ష దాటి తుది జాబితా కోసం ఎదురుచూస్తున్నాడు. శత్రువులను ప్రేమించమన్న ప్రభువును నమ్మినవాడు మనిషిని చంపే కొలువులో ఎలా చేరుతాడని నా వేదన. "తుపాకీ పడితే నువ్వు నా కొడుకువి కావు" అని ఒకరోజు అనేశాను. అప్పటినుంచి వాడు నాతో ముభావంగా ఉంటున్నాడు, ఆరాధనకూ రావడం లేదు. మీ సంఘం పిరికివాళ్లను తయారుచేస్తుందని మా వారు ఎద్దేవా చేస్తున్నారు. వాడి కోసం ప్రార్థన చేయవద్దని పాస్టరుగారికి చెబుదామనుకుంటున్నాను. తప్పా? అసలు క్రైస్తవుడు యుద్ధంలో పాల్గొనవచ్చా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పి, తరువాత ఇంటి విషయానికి వస్తాను. క్రైస్తవుడు సైనికుడు కాకూడదని నిషేధించిన వచనం కొత్త నిబంధనలో నాకు కనబడదు. అయితే శత్రువును ప్రేమించమన్న ఆజ్ఞ సైనికుడికి వర్తించదని చెప్పే వచనం కూడా అందులో లేదు. కాబట్టి మీ అబ్బాయి చేరినంత మాత్రాన విశ్వాసభ్రష్టుడు కాడు, మానుకున్నంత మాత్రాన పిరికివాడూ కాడు.

సైనికులు వచ్చి తామేమి చేయాలని అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను వారిని కొలువు మానుకోమనలేదు; ఎవరినీ బాధపెట్టవద్దనీ, ఎవరి మీదా అపనింద వేయవద్దనీ, తమ జీతాలతో తృప్తిపడమనీ చెప్పాడు. రోమా సైన్యంలో ఇటలీ పటాలపు శతాధిపతి (నూరుమందికి అధికారి) కొర్నేలీకి బాప్తిస్మం ఇప్పించిన పేతురు, ముందు కత్తి దింపి రమ్మని షరతు పెట్టినట్టు అపొస్తలుల కార్యములలో లేదు. ఈ రెండు ఘట్టాలనూ మీ వారు మీకు చూపించే ఉంటారు. వాటికి ఎదురుగా మీరు చూపించేవీ బలహీనమైనవేమీ కావు: శత్రువులను ప్రేమించమన్న కొండమీది ప్రసంగమూ, తనను పట్టుకోవడానికి వచ్చినప్పుడు గెత్సేమనే తోటలో కత్తి దూసిన శిష్యుణ్ణి ఆపి యేసు "కత్తి పట్టుకొను వారందరు కత్తిచేతనే నశింతురు" అన్న మాటా ఎవరూ తేలికగా దాటిపోగలిగినవి కావు. "నరహత్య చేయకూడదు" అన్న ఆజ్ఞ ఒక్కటే మాత్రం ఈ వాదాన్ని తేల్చదు, ఎందుకంటే ఆ ఆజ్ఞ ఉన్న ధర్మశాస్త్రంలోనే యుద్ధానికి వెళ్లేవారికి నియమాలూ ఉన్నాయి. అసలు చిక్కు రోమీయులకు రాసిన పత్రికలో ఉంది. పన్నెండో అధ్యాయం చివర పగ తీర్చుకోవద్దనీ, శత్రువు ఆకలిగొంటే భోజనం పెట్టమనీ చెప్పిన పౌలే, కొద్ది వచనాలు దాటగానే పాలకులు ఊరకనే ఖడ్గం ధరించరని అంటాడు. ఖడ్గం పాలకుడిదే కావచ్చు, దాన్ని పట్టుకునే చెయ్యి విశ్వాసిది కావచ్చునా అన్నచోటనే సంఘాలు విడిపోయాయి.

మీ ఇంట్లోని తగాదా వయసు దాదాపు అయిదు వందల ఏళ్లు. 1527లో స్విట్జర్లాండ్‌లోని ష్లైట్‌హైమ్‌లో కూడుకున్న అనబాప్టిస్టులు (పసిపిల్లలకు గాక, తామే విశ్వసించినవారికే బాప్తిస్మమివ్వాలన్నవారు), ఖడ్గం లోకాన్ని అదుపులో ఉంచడానికి దేవుడు నియమించినదే అయినా అది క్రీస్తు పరిపూర్ణతకు వెలుపలిదని ఒప్పుకోలు రాసుకున్నారు. మీ పుట్టింటి సంఘం ఆ శాఖలోది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం పదహారో అధికరణమేమో క్రైస్తవులు పాపం లేకుండా న్యాయమైన యుద్ధం చేయవచ్చనీ, సైనికులుగా పనిచేయవచ్చనీ ప్రకటించింది. 1842లో గుంటూరు చేరిన మిషనరీ హేయర్‌గారితో మొదలైన లూథరన్ సంఘానికి అదే ప్రమాణం. మీ వారు ఇంతవరకు చదివి ఆగిపోయినట్టున్నారు. సైనికులు కూడా రక్షణ పొందగలరా అన్న ప్రశ్న మీద 1526లో, ఆ సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్ ఒక పుస్తకమే రాసి, పొందగలరనే చెప్పాడు. కాని రాజు చేసే యుద్ధం అన్యాయమైనదని నీకు నిశ్చయంగా తెలిస్తే మనుషులకు గాక దేవునికే లోబడి, వెళ్లకుండా ఉండమని కూడా అందులోనే చెప్పాడు.

ఇక పిరికితనం సంగతి. 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చి మీ సంఘానికి పునాది వేసిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా సామ్రాజ్యంలోని మెనోనైట్లు. సైనిక సేవ నుంచి మినహాయింపు ఇస్తామన్న మాట నమ్మి ఆ ప్రజల పూర్వీకులు అక్కడ స్థిరపడ్డారు. 1874లో అందరికీ నిర్బంధ సైనిక సేవ వచ్చినప్పుడు వేలమంది ఇళ్లూ పొలాలూ వదులుకొని అమెరికా వెళ్లిపోయారు. ఉండిపోయినవారి యువకులు సైన్యానికి బదులుగా అడవుల పెంపకంలో పనిచేశారు. పొలం అమ్ముకొని సముద్రం దాటిన మనుషులను పిరికివాళ్లనడానికి నాకు నోరు రాదు, మీ వారికీ రాకూడదు. అయితే మీరు కూడా తెలుసుకోవలసినది ఒకటుంది: రష్యా అంతర్యుద్ధంలో ముఠాలు ఊళ్ల మీద పడి దోచుకుని చంపుతున్నప్పుడు ఆ మెనోనైట్లలోనే కొందరు తుపాకులు పట్టి ఆత్మరక్షణ దళాలు కట్టారు, అది తప్పని తరువాత వారిలోనే చాలామంది అన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెనోనైట్ యువకులు సైన్యంలో చేరినదీ తక్కువేమీ కాదు. మీ సంఘం చరిత్రలో ఈ ప్రశ్న ఎదురైన మొదటి తల్లి మీరు కారు.

మీ ఇద్దరికీ నేను చెప్పదలచినది మూడో శతాబ్దపు చివరి ఘటన ఒకటి. 295వ సంవత్సరంలో ఉత్తర ఆఫ్రికాలోని తెవెస్తెలో, ఇప్పటి అల్జీరియాలో, మాక్సిమిలియన్ అనే ఇరవై ఒక్క ఏళ్ల యువకుణ్ణి రోమా సైన్యంలో చేర్చుకోవడానికి అధికారి డియోన్ ముందు నిలబెట్టారు. ఎత్తు కొలుస్తుండగానే అతడు తాను క్రైస్తవుణ్ణనీ, సేవ చేయలేననీ అన్నాడు. అతని తండ్రి విక్టర్‌కు సైన్యంతో సంబంధం ఉంది, కొడుకుతోపాటు అక్కడే ఉన్నాడు. కొడుక్కి నచ్చజెప్పమని డియోన్ అంటే, వాడికి బుద్ధి ఉంది, తనకేది మేలో వాడికే తెలుసునని తండ్రి జవాబిచ్చాడు. చక్రవర్తుల అంగరక్షక దళంలో క్రైస్తవ సైనికులు పనిచేస్తున్నారు కదా అని డియోన్ గుర్తుచేస్తే, వారికేది తగునో వారికి తెలుసు, నేను మాత్రం చెడు చేయలేనని కుర్రవాడు అన్నాడు. అతన్ని ఆ రోజే చంపేశారు. ఆ విచారణ వృత్తాంతం చదివిన ప్రతిసారీ నన్ను ఆపేది అతని ధైర్యం కన్నా ఈ రెండు జవాబులే: తండ్రి కొడుకు మీద తన నిర్ణయం రుద్దలేదు, కొడుకు సైన్యంలో ఉన్న తోటి విశ్వాసులకు తీర్పు తీర్చలేదు. మీ ఇంట్లో కరువైనవి ఈ రెండూ.

మీ అబ్బాయి పరిస్థితి అతనికన్నా సులువైనది. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు, కాబట్టి చేరే ముందు ఆలోచించుకునే అవకాశం ఉంది. చేరాక లేదు. అగ్నివీరులకు నాలుగేళ్ల గడువు తీరకముందు స్వంత కోరిక మీద విడుదల, అత్యంత అసాధారణ సందర్భాల్లో తప్ప, ఉండదు. అందువల్ల ఇప్పుడే వాడితో కూర్చుని, బోధించకుండా, కొన్ని విషయాలు అడగండి. జనరల్ డ్యూటీ అంటే ఆయుధంతో చేసే కొలువే, అవసరమైతే కాల్చవలసి ఉంటుందన్న సంగతిని వాడు సూటిగా ఆలోచించాడా, లేక యూనిఫాం, మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయల జీతం, తాతగారి ఫొటో దగ్గరే ఆలోచన ఆగిందా? అధికారి ఆజ్ఞలను ప్రాణాపాయమున్నా పాటిస్తానని పలికే ప్రతిజ్ఞను ప్రమాణంగా కాక, దేవుని పేరు లేకుండా దృఢంగా ప్రకటించే అవకాశముందని వాడికి తెలుసా? ఒట్టు పెట్టుకోవద్దన్న ప్రభువు మాటను మీ సంఘం పట్టించుకుంటుంది కనుక ఇది చిన్న విషయం కాదు. పటాలపు మతాచారాల సంగతీ మాట్లాడుకోండి: రెజిమెంటు గుడి గర్భాలయంలోకి వెళ్లడానికి నిరాకరించిన ఒక క్రైస్తవ అధికారిని 2021లో సైన్యం తొలగిస్తే, 2025లో ఢిల్లీ హైకోర్టు, ఆ తరువాత సుప్రీంకోర్టు ఆ తొలగింపును తప్పుపట్టలేదు. దేశాన్ని సేవించాలన్న కోరిక నిజమై, చంపడం దగ్గరే మనసు ఆగితే, సైన్యంలోనే నర్సింగ్ అసిస్టెంట్, సిపాయి ఫార్మా (మందుల పని) వంటి కొలువులు ఉన్నాయి. శిక్షణలో తుపాకీ అక్కడా నేర్పుతారు గాని పని గాయపడినవారితో ఉంటుంది.

ఇవన్నీ విన్నాక వాడు వెళతానంటే వెళ్లనివ్వండి. ఇలాంటి సందేహాస్పద విషయాల్లో ప్రతివాడూ తన మనస్సులో తానే రూఢిపరచుకోవాలని పౌలు చెప్పినది మీకు కంఠతా వచ్చే ఉంటుంది. మనస్సాక్షి కాదంటుంటే తాతగారి కోసమో జీతం కోసమో వెళ్లడం మాత్రం వాడికి పాపమవుతుంది.

పాస్టరుగారిని ప్రార్థన ఆపమనడం తప్పే, అమ్మా. హింసించేవారి కోసం కూడా ప్రార్థించమన్న వాక్యాన్ని ఆధారం చేసుకొని కన్నకొడుకు కోసం ప్రార్థన మానమనడం ఏ విధంగానూ కుదరదు. "నా కొడుకువి కావు" అన్న మాటను కూడా వెనక్కి తీసుకోండి. తుది జాబితా వచ్చేదాకా ఆగకుండా, ఆ ఫలితంతో ముడిపెట్టకుండా ఈ వారంలోనే తీసుకోండి. క్షమించమని అడిగితే మీ అభిప్రాయం మార్చుకున్నట్టు కాదు, ఆ సంగతి కూడా వాడికి చెప్పవచ్చు.

మీ వారితో ఒక ఒప్పందానికి రండి. వాడు నిర్ణయం చెప్పేవరకు భోజనాల దగ్గర మీరు నరకం మాట ఎత్తకూడదు, ఆయన పిరికితనం మాట ఎత్తకూడదు. వాడు అడిగితే మీ పాస్టరుగారినీ, గుంటూరు వైపు మీ వారు ఎరిగిన గురువునూ విడివిడిగా కలిసి మాట్లాడనివ్వండి. మీలో ఎవరూ వెంట వెళ్లకండి. ఒకవేళ చివరకు వాడు మానుకుంటానంటే ఆ మాట మీ వారికి మీరు చేరవేయవద్దు. నాన్నకు వాడే చెప్పుకోవాలి; ఆ సమయంలో మీరు గెలిచినట్టు కనబడకుండా పక్కన కూర్చోండి.