ఎంగిలి కంచాలు తూచే చదువు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా అమ్మాయి అమెరికాలో న్యూట్రిషన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. పిల్లలు ఎలా తింటారో చూసే ల్యాబ్‌లో స్టూడెంట్ అసిస్టెంటుగా చేరానని మొన్న ఫోన్ చేసింది. అక్కడ ఏం చేస్తావే అంటే, గిన్నెలు తూస్తానంది. వీడియోలు చూసి పిల్లలు ఎన్నిసార్లు కొరికారో లెక్కపెడుతుందట. అంత అప్పు చేసి పంపింది ఇందుకేనా? మా వారైతే "ఆయా పని ఇక్కడ అంగన్‌వాడీలోనే దొరికేది కదా" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇది చదువుకు పనికొస్తుందా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ వారి మాటకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కాస్త గుచ్చుకుంది. ఆ గిన్నెలు నేనూ తూచాను మరి. బరంపురం నుంచి వెళ్ళి అక్కడ చదువుకున్నప్పుడు మూడు సెమిస్టర్లు అలాంటి ల్యాబ్‌లోనే పనిచేశాను. "పెద్ద చదువని వెళ్ళి ఎంగిలి కంచాలు తూస్తున్నావా" అని మా అమ్మ కూడా అడిగింది. నిజమే, తూచేది ఎంగిలి కంచాలనే.

బిడ్డ రాకముందు ప్రతి గిన్నెనూ కాటా మీద పెట్టి గ్రాములో పదో వంతు దాకా రాసుకోవాలి. మాకరోనీ ఇంత, క్యారెట్ ఇంత, పాలు ఇంత. ద్రాక్షపళ్ళయితే గొంతుకు అడ్డం పడకుండా నిలువునా కోసి మరీ తూస్తారు. బిడ్డ తిని వెళ్ళాక మళ్ళీ తూస్తే, తేడా ఎంతో అంత తిన్నట్టు. వినడానికి ఇంతే. కానీ పిల్లలు కంచంలోంచి నోట్లోకే తినరు కదా! ఒళ్ళోకి, బల్ల కిందికి, జేబులోకి కూడా పోతుంది. చేరిన కొత్తలో ఒక నాలుగేళ్ళ పాప కంచంలో బఠాణీలన్నీ ఖాళీ. సంబరంగా రాసేసి, బల్ల మీది కాగితం రుమాళ్ళు చెత్తబుట్టలో పడేశాను. సాయంత్రం వీడియో చూస్తే ఆ పాప ఒక్క గింజ కూడా తినలేదు. ఒక్కొక్కటే రుమాల్లో పెట్టి, చక్కగా మడిచి, చేత్తో తట్టి మరీ బల్ల మీద పెట్టింది. రాత్రి ఎనిమిదింటికి చెత్తబుట్ట బోర్లించి ఆ పొట్లం వెతికి, గింజలు వేరుచేసి తూచాను. ఆ రోజుతో ఆయా పనికీ దీనికీ తేడా తెలిసొచ్చింది. ఆ గింజలు దొరక్కపోతే ఓ పాప బఠాణీ ఇష్టంగా తింటుందని పరిశోధనలోకి ఎక్కిపోయేది.

అంతకన్నా కష్టం నోరు మూసుకోవడం. "తిను" అనకూడదు, "అబ్బ, ఎంత బాగా తిన్నావో" అని కూడా అనకూడదు. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసిస్తారు, ప్రతి బిడ్డకూ ఆ మాటలే చెప్పాలి. "తాత పేరు చెప్పి ఒక్క ముద్ద" అనే ఇంట్లో పెరిగినదాన్ని, నాకెలా సాధ్యం? ఒక బాబు మొదటిసారి టమాటా ముక్క నోట్లో పెట్టుకుని నావైపు చూశాడు. నేను మాట్లాడలేదు గానీ కనుబొమలెగరేసి తలూపానట. వీడియోలో కనబడింది. ఆ బాబు లెక్క పక్కన పెట్టేశారు.

ఈ పట్టుదల ఊరికే కాదు. 2006లో అచ్చయిన ఒక పరిశోధనలో చిన్నపిల్లలకు సూప్ ఇచ్చి, ఒక సూప్ విషయంలో "తాగేయి, తాగేయి" అంటూ వచ్చారు. అనకుండా వదిలేసిన సూపే ఎక్కువ తాగారు, అన్నదాని మీద విసుక్కున్నారు. అది చదివాక మా అమ్మ చేతి ముద్దలన్నీ గుర్తొచ్చాయి, ఆవిడకు మాత్రం చెప్పలేదు.

వీడియోల లెక్క సంగతికొస్తే, ఒకే వీడియోను ఇద్దరు విడివిడిగా చూసి, తర్వాత లెక్కలు కలుపుతారు. కుదరకపోతే మళ్ళీ మొదటికి. నాలుకతో నాకితే కొరికినట్టా? ఉమ్మేసింది లెక్కలోకా? ఇవన్నీ ముందే రాసిపెట్టుకుంటారు. మీ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గర కూర్చుని, వాళ్ళు పలికింది పలికినట్టు రాసుకున్నారు కదా. ఇలా పలకాలి అని దిద్దుతూ కూర్చుంటే ఆయనకు ఆ భాష చిక్కేదా? మీ వారికి ఇలా చెప్పి చూడండి, ఆయన పర్లాకిమిడి మనిషే కాబట్టి మెత్తబడతారు.

ఇలా తూచి తూచే కొన్ని సంగతులు బయటపడ్డాయి. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో, కంచంలో ఎక్కువ వడ్డిస్తే ఐదేళ్ళ పిల్లలు ఎక్కువ తిన్నారు, మూడేళ్ళ వాళ్ళు మాత్రం ఎంత వడ్డించినా దాదాపు అంతే తిన్నారు. ఇంకో రకం పరీక్షలో కడుపునిండా భోజనం పెట్టాక, బొమ్మలూ చిరుతిళ్ళూ ఉన్న గదిలో బిడ్డను కాసేపు వదులుతారు. ఆకలి లేకుండా ఎంత తింటారో చూడ్డానికి. పెన్సిల్వేనియాలో లీయాన్ బర్చ్ అనే ఆవిడ ఇలాంటి వాటిమీద ఎన్నో ఏళ్ళు పనిచేశారు. ఇంట్లో దాచి, వద్దన్న చిరుతిండి మీదే పిల్లల మనసు లాగుతుందని చూపించారు.

ఇక అమ్మాయిని అడగాల్సినవి. పిల్లలతో పని కాబట్టి పరిశోధన నియమాల శిక్షణా, పోలీసు రికార్డు తనిఖీ అయ్యాయా అనండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువు నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. డబ్బులిస్తారా, చదువు లెక్కలో కలిసే క్రెడిట్లా అన్నది కూడా కనుక్కోండి. రెండు సెమిస్టర్లయినా కాటా దగ్గరే ఉంచేస్తే మాత్రం, లెక్కలు విశ్లేషించే పని అడగమనండి. అడగనిదే ఎవరూ ఇవ్వరు, నేను అడగక ఏడాది పోగొట్టుకున్నాను. పీహెచ్‌డీకి దరఖాస్తు చేసేటప్పుడు ఈ అనుభవం బాగా పనికొస్తుంది.

ప్రశ్న: మాది గుణుపూర్. మా మనవరాలికి నాలుగేళ్ళు. అంగన్‌వాడీలో దిది ఇచ్చే గుడ్డు మొత్తం తినేస్తుంది. ఇంట్లో అదే గుడ్డు ఉడకబెట్టి పెడితే మూతి తిప్పేస్తుంది. నా వంటలో లోపమా తల్లీ?
– ఒక అమ్మమ్మ

జవాబు: ఉడకబెట్టిన గుడ్డులో వంటేముందమ్మా! అక్కడ పక్కన పదిమంది పిల్లలు తింటున్నారు, ఇంట్లో మీరొక్కరు చూస్తున్నారు. పైన చెప్పిన బర్చ్ గారే 1980లో ఒక ప్రయోగం చేశారు. ఒక కూర ఇష్టమైన బిడ్డను, వేరే కూర ఇష్టపడే పిల్లల మధ్య భోజనానికి కూర్చోబెట్టారు. కొద్ది రోజుల్లో ఆ బిడ్డ కూడా పక్కవాళ్ళ కూరే అడగడం మొదలెట్టింది.

ఆదివారం పక్కింటి పాపను భోజనానికి పిలవండి. గుడ్డు ముందు ఆ పాపకు పెట్టండి. తర్వాత మీ మనవరాలి కంచంలో సగం ముక్క పెట్టి, మీరు తోటకూర కోసుకుంటూ కూర్చోండి. తల ఎత్తి చూడకండి.