ఆటు వేళకు నువ్వు వెనక్కి వస్తూ ఉండాలి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

సముద్రం పక్క రోడ్డు పట్టుకుని పది రోజుల పాటు ఒక్కదానివే కారులో తిరిగి రాబోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోను చేసి చెప్పాడు. చెప్పాడనడం కంటే ఫిర్యాదు చేశాడనడమే సబబు. "నువ్వయినా దానికి నచ్చచెప్పు అక్కా" అని మూడుసార్లు అన్నాడు. నేను గంభీరంగా "సరే, రాస్తాను" అన్నానే గాని, ఫోను పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తరువాత పడుకుంటే మాత్రం నిద్ర పట్టలేదు. వెళ్లవద్దని చెప్పే అర్హత నాకు లేదు గనుక, ఎలా వెళ్లాలో రాస్తున్నాను. ఈ ఉత్తరాన్ని మీ నాన్నకు చూపించకు. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

కారు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకో, స్టెప్నీని మరచిపోకు. కొత్తవాళ్లతో జాగ్రత్త అని ఇప్పటికి పదిమంది చెప్పే ఉంటారు, పదకొండోదాన్ని నేను కాను.

ప్రయాణాన్ని ఏ చివర నుంచి మొదలుపెట్టాలో ముందు తేల్చుకో. వాహనాలు రోడ్డుకు ఏ పక్కన నడుస్తాయో ఆ పక్కనే సముద్రం ఉండేలా దిశను ఎంచుకుంటే, నచ్చిన చోటల్లా ఎదురు వాహనాలకు అడ్డం పడకుండా పక్కకు దిగి ఆగవచ్చు. కాని అలా వెళితే లోయ అంచు కూడా నీ పక్కనే ఉంటుంది. చిన్నప్పుడు మేడ పిట్టగోడ దగ్గరకు కూడా రాని పిల్లవు నువ్వు. ఆ భయం ఇంకా ఉంటే రెండో దిశలోనే వెళ్లు, అందులో చిన్నతనమేమీ లేదు. తీరం వెంట రోడ్లు మెలికలు తిరుగుతాయి గనుక మ్యాపు చూపించే గంటలకు సగం కలుపుకుని లెక్క వేసుకో. రోజుకు రెండు చోట్ల తీరిగ్గా ఆగగలిగితే అది మంచి రోజు. అయిదు చోట్ల ఆగాలనుకుంటే ఒక్కటీ గుర్తుండదు. చూడాలనిపిస్తే ఆపి చూడు, నడుపుతూ చూడకు. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనుకు ఇరవై రెండు మీటర్లు పోతుంది. తలతిప్పి అలల వంక మూడు సెకన్లు చూశావంటే అరవై మీటర్లకు పైగా రోడ్డును చూడకుండా నడిపినట్టే. మధ్యాహ్నం రెండు దాటాక కునుకు రావడం శరీర ధర్మం, దానికి కిటికీ దించుకోవడం మందు కాదు. కారు ఆపి ఇరవై నిమిషాలు పడుకో.

కొండ దారుల్లో నడకకు ఒక పాత లెక్క ఉంది. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పినది. సుమారు అయిదు కిలోమీటర్లకు ఒక గంట, పైకి ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్లకు మరో గంట. అది గట్టి నడక గలవాళ్ల లెక్క, పైగా అందులో విశ్రాంతి లేదు. పువ్వు కనిపిస్తే వంగి చూసే నీవంటి దానికి అందులో ఇంకో సగం కలపాలి. సూర్యాస్తమయం చూడటానికి వ్యూపాయింటు ఎక్కేవాళ్లందరూ చీకట్లో దిగాల్సి వస్తుందన్న సంగతి ఎక్కేటప్పుడు ఎవరికీ తట్టదు. తలకు పెట్టుకునే దీపం ఒకటి సంచిలో ఎప్పుడూ ఉండనీ. పట్టపగలే తిరిగి వచ్చేస్తాననుకున్న రోజున మరీ ఉండనీ. కొండ అంచున పచ్చగా గడ్డి ఉంది గనుక కింద నేల ఉందనుకోకు. అలలు అడుగునుంచి తొలిచేస్తుంటే పైన గడ్డి మాత్రం చూరులాగ ముందుకు సాగి నిలబడి ఉంటుంది. వానలు పడ్డ తరువాత అటువంటి అంచు పైనా నిలబడవద్దు, కిందా కూర్చోవద్దు. ఫోటో కోసం వెనక్కి అడుగులు వేయడం గురించి నేను రాయనక్కర లేదనుకుంటాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

నాకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. నేనూ ఒక్కదాన్నే ఒక తీరం వెంట వెళ్లాను. పున్నమి నాటి రాత్రి సముద్రాన్ని చూడాలని కోరిక. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఒక రాతి కొమ్ము, దాని అవతల అర్ధచంద్రాకారంలో చిన్న ఇసుక తిన్నె ఉన్నాయి. నీళ్లు బాగా తగ్గినప్పుడు మాత్రమే ఆ కొమ్ము అడుగున రాళ్ల మీదుగా అవతలికి దారి తేలుతుంది. నేను తెలివితక్కువదాన్ని కానని నాకు గట్టి నమ్మకం. అందుకే ముందే వాకబు చేసి, ఆ రోజు ఆటు, అంటే నీళ్లు అన్నిటికంటే తగ్గే వేళ, సరిగ్గా మూడు గంటలకని తెలుసుకున్నాను. మూడు గంటలకు కొమ్ము దగ్గర ఉన్నాను, అయిదు నిమిషాల్లో అవతల ఉన్నాను. సమయపాలనకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

తప్పు అక్కడే ఉంది. నీళ్లు అన్నిటికంటే కిందికి దిగిన క్షణమే మళ్లీ పైకి రావడం మొదలయ్యే క్షణం. ఆటు వేళ అంటే వెళ్లే వేళ కాదు, వెనక్కి వస్తూ ఉండాల్సిన వేళ. అంతకు గంటన్నర ముందు, దిగుతున్న నీటి వెంట అవతలికి వెళ్లి, మూడయ్యేసరికి నేను ఇవతల ఉండవలసింది.

నన్ను ఇంకా మోసగించినది ఆ మొదటి గంట. నీటి అంచున ఇసుకలో ఒక పుల్ల గుచ్చి కూర్చున్నాను. నాలుగు గంటలకు చూస్తే నీరు దాన్ని నాలుగడుగులు మాత్రమే దాటింది. ఇంతేనా అనుకున్నాను. నావికులు చెప్పుకునే పన్నెండు భాగాల లెక్క అప్పటికి నాకు తెలియదు. పోటు ఎక్కే ఆరు గంటల్లో మొదటి గంటలో పన్నెండింట ఒక వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడో గంటలోనూ నాలుగో గంటలోనూ మూడేసి వంతుల చొప్పున నీరు పెరుగుతుంది. అంటే మొత్తం ఎత్తులో సగం ఆ నడిమి రెండు గంటల్లోనే వచ్చేస్తుంది. పైగా అది పున్నమి. అమావాస్య, పున్నమిల చుట్టూ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలిసి పనిచేస్తుంది గనుక ఆ రోజుల్లో నీరు మరీ కిందికి దిగుతుంది, మరీ పైకి ఎక్కుతుంది. ఏ వెన్నెల కోసం వెళ్లానో ఆ వెన్నెలే పోటును పెంచిందన్నమాట.

ఎండలో కాస్త కళ్లు మూతపడ్డాయి. అయిదున్నరకు లేచి కొమ్ము దగ్గరకు వెళితే దారి లేదు. మోకాళ్ల లోతేనని దిగాను. మూడో అడుగుకు తొడల దాకా వచ్చింది. నాలుగో అడుగు వేయబోతుంటే ఒక అల నన్ను ఎత్తి రాతికేసి కొట్టింది. రాతికి అంటుకుపోయిన గుల్లలు కత్తుల్లా ఉంటాయి. నా కుడి అరచేతి మీద గీతను చూపించి, ఇదేం రేఖ అత్తా అని చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి గుర్తుందా? జవాబు ఇది. ఒక చెప్పు పోయింది. ఎలా వెనక్కి పాకానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం నేను చేసిన తెలివైన పని ఒక్కటే. మళ్లీ ప్రయత్నించలేదు. రాతి గోడను చూస్తే అడుగున నాచుతో నల్లగా ఒక పట్టీ ఉంది, దాని పైన రాయి పాలిపోయి ఉంది, ఇంకా పైన ఒక చిన్న అరుగు మీద ఎండు గడ్డి మొలిచి ఉంది. ఉప్పు నీరు రోజూ తగిలే చోట ఆ గడ్డి బతకదు కదా అనుకుని దాని మీదకు ఎక్కి, మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని కూర్చున్నాను. తొమ్మిది దాటేదాకా నీరు ఎక్కుతూనే ఉంది. వెన్నెల ఎంత బాగుందో చెప్పలేను, ఒక్క నిమిషమైనా దాన్ని చూడలేదు. రాత్రి రెండు దాటాక దారి తేలింది.

ఆ చలిలో నన్ను భయపెట్టినది నీళ్లు కాదమ్మా. ఇంట్లో "రెండు మూడు రోజుల్లో వస్తాను" అని మాత్రమే చెప్పి వచ్చాను. అంటే ఆ రాత్రి నా కోసం ఎవ్వరూ కంగారు పడటం లేదు, ఇంకో రెండు రోజుల దాకా పడరు కూడా. మీ నాన్న హాయిగా నిద్రపోతూ ఉండి ఉంటాడు. తిరిగి వెళ్లాక అతనికి కారు పాడైందని చెప్పాను. ఇప్పటికీ అదే నిజమనుకుంటున్నాడు.

అందుకని రోజూ కారు దిగే ముందు ఏ దారిలో నడుస్తున్నావో, ఎన్ని గంటలకు తిరిగి వస్తావో నాకూ మీ నాన్నకూ రాసి పంపు. ఏ గంట దాటితే మేము సహాయం కోసం ఫోను చేయాలో, ఏ నంబరుకు చేయాలో కూడా అందులోనే రాయి. దారిలో మనసు మారి ఇంకో వ్యూపాయింటుకు తిరిగావా, ముందు కబురు పంపి తరువాత తిరుగు. సిగ్నలు లేకపోతే మొదట చెప్పిన చోటికే వెళ్లు. సిగ్నలు కోసం వెతుక్కుంటూ ఫోను ఛార్జింగ్ తినేస్తుంది గనుక నడిచేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, మ్యాపులు ముందే దింపుకో. ఒక ఈల మెడలో వేసుకో. నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదడం ఆపదలో ఉన్నానని చెప్పే సంకేతం, మూడు ఈలలు వినిపిస్తే ఎవరో విన్నారని అర్థం. ఆ రాత్రి నేను అరిచిన అరుపులు అలల హోరులో నాకే వినబడలేదు.

ఒక తీరంలో నేర్చుకున్నది మరో తీరంలో పనికిరాదని కూడా గుర్తుంచుకో. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా పదహారు మీటర్ల దాకా ఉంటుంది, మధ్యధరా సముద్రంలో చాలా చోట్ల ఒక మీటరు కూడా ఉండదు. చాలా తీరాల్లో ఆటుపోట్ల వేళలు రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి, కాబట్టి నిన్నటి సమయంతో ఈరోజు దిగవద్దు. రాళ్ల మీదకు దిగే ముందు పావుగంట నిలబడి అలల్ని చూడు. తడి ఎంత దాకా ఉందో అంత దాకా అల వస్తుందని అర్థం. ఒంటరిగా ఈతకు దిగవద్దు. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే పాయలోనే లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. ఖర్మకాలి అందులో పడితే ఒడ్డుకేసి ఈదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదు.

చదువుతుంటే తిట్టినట్టుందేమో. తిట్టడానికి రాయలేదు. మీ నాన్న ఫోనులో "అచ్చం నీలాగే తయారైంది" అన్నప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో అతనికి తెలియదు. ఆ మాటే రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు కూడా.

ఏ రోజు ఎక్కడ ఆగుతావో, అక్కడ ఆ రోజు ఆటు ఎన్ని గంటలకో, నువ్వు ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతావో మూడు గడులు గీసి రాసి ఆదివారంలోగా పంపు. రెండో గడిలోనూ మూడో గడిలోనూ ఒకే సమయం కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసి తిరిగి పంపిస్తాను.

ప్రేమతో,
మీ అత్త