ఈగిల్ నమూనాలో సీట్లు, వంకర బుగ్గ: సమాధానం

మీ పాప చేస్తున్న ఈగిల్ (చంద్రుడి మీద దిగిన అపోలో 11 ల్యాండర్) అట్టబొమ్మ గురించి రెండు సందేహాలు అడిగారు: సీట్లు ఎక్కడ అతికించాలి, పై భాగం ఒకవైపే ఎందుకు ఉబ్బి ఉంది, ఫోటో తప్పా అని.

ఫోటో సరైనదేనండీ. పై భాగంలో ఇంధనం ఒక ట్యాంకులో, దాన్ని మండించే ఆక్సిడైజర్ ఇంకో ట్యాంకులో ఉండేవి. ఆక్సిడైజర్ బరువు ఇంధనానికి సుమారు 1.6 రెట్లు. కావడిలో తేలికైన కుండను భుజానికి దూరంగా జరిపినట్టు, తూకం కుదరడానికి ఇంధన ట్యాంకును మధ్య నుంచి దూరంగా పెట్టారు. ఆ బుగ్గ అదే. దయచేసి దాన్ని కత్తిరించి సమం చేయకండి, ఆ వాహనం అందమంతా అక్కడే ఉంది!

సీట్లు అసలు అతికించొద్దు. మొదట్లో అనుకున్నారు గానీ, ఇంజనీర్లు బరువు తగ్గించడానికి తీసేశారు. వ్యోమగాములు నడుముకు పట్టీలు కట్టుకుని నిలబడే దిగారు. నిలబడితే ముఖం అద్దానికి దగ్గరవుతుంది కాబట్టి పెద్ద కిటికీలు అక్కర్లేకపోయింది, చిన్న త్రికోణాలు సరిపోయాయి. క్యాబిన్ గోడ కొన్నిచోట్ల 0.3 మిల్లీమీటర్లే, అంటే మీ అట్టకన్నా పల్చన.

పై భాగాన్ని కింది దానికి జిగురుతో అంటించకండి. తిరుగు ప్రయాణంలో పైది మాత్రమే లేచింది, కిందిది చంద్రుడి మీదే ఉండిపోయింది. పాప దాన్ని లేపి చూపించాలి కదా.

నాలుగు కాళ్లలో మూడింటికే, నేల తగలగానే తెలిపే స్పర్శ కడ్డీలు పెట్టండి; అసలు వాహనంలో అవి సుమారు 1.7 మీటర్ల పొడవుండేవి. నిచ్చెన ఉన్న కాలికి వద్దు.